కోవెంట్రీ – డ్రెస్డెన్: కాలిపోయిన రెండు నగరముల సహోదర బంధము



శతవార్షికోత్సవ సంచిక అనగానే ఏ గుడి ఏ సంవత్సరమున కట్టబడెను, పునాదిరాయి ఎవరు వేసిరి, ఏ దొరగారు ఎద్దుబండిమీద ఏ గ్రామమునకు వచ్చిరి అను సంగతులు చదువుటకు మనము అలవాటుపడియున్నాము. అవి వ్రాయవలసినవే. వాటిని వ్రాయుటకు నాకంటె తగినవారు మన మండలములో చాలమంది కలరు. నేను మాత్రము మన ప్రాంతమునకు బహు దూరమున జరిగిన ఒక చరిత్రను మీ ముందుంచ గోరుచున్నాను. ఒక దేశపు పట్టణము మరియొక దేశపు పట్టణముతో సహోదర సంబంధము ఎట్లు కట్టుకొనెను అనునదే ఈ చరిత్ర. ఇంగ్లండులోని కోవెంట్రీ ఒకటి, జర్మనీలోని డ్రెస్డెన్ మరియొకటి. మొదటిదానిని జర్మను విమానములు కాల్చినవి. రెండవదానిని ఇంగ్లీషు విమానములు కాల్చినవి.

ఈ దూరపు కథ మనకెందుకని కొందరు అడుగవచ్చును. మన మండలము నూరేండ్లు నిండించుకొనుచున్న ఈ దినములలో విదేశ సంఘములతో మనకు గల బంధమును గూర్చి సభలలో చాల మాటలు వినుచున్నాము. భాగస్వామ్యము, సహవాసము, స్నేహ సంబంధము అని ఉపన్యాసములలో చెప్పుచున్నాము. ఆ మాట వినినప్పుడెల్ల వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర తరగతిలో చూచిన ఒక చిత్రపటము నాకు జ్ఞాపకమునకు వచ్చును. మూడు పాత మేకులతో చేసిన ఒక చిన్న సిలువ అందులో ఉండెను. దాని కథ నేను తరువాత కాలములో వెదకి వెదకి చదువుకొంటిని.

రెండు పట్టణములు దేశపు ఎల్లలు దాటి సహోదర సంబంధము కలుపుకొనుట ఈనాటి అలవాటని చాలమంది అనుకొందురు. అమెరికాలో 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రజలకు ప్రజలకు మధ్య స్నేహము పెంపొందింపవలెనని ఒక సమావేశము పిలిచిన తరువాత ఈ పద్ధతి లోకమంతట బాగుగా వ్యాపించిన మాట నిజమే. అయితే యూరపులో దీనికి చాల పాత మూలమొకటి కలదు, అది సంఘమునుండి పుట్టినదే. క్రీ.శ. 836లో ఫ్రాన్సులోని ల మాన్ పట్టణపు బిషప్పుగారు తమ పూర్వీకుడైన పరిశుద్ధ లిబోరియసు ఎముకలను జర్మనీలోని పాడర్‌బోర్న్ సంఘమునకిచ్చిరి. ఆ సందర్భమున రెండు సంఘములు ఎన్నటికిని సహోదరులమై యుందుమని మాట ఇచ్చుకొనెను. తరువాత ఫ్రాన్సునకు జర్మనీకి ఎన్ని యుద్ధములు వచ్చినను ఆ మాట పూర్తిగా మరుగున పడలేదు. ఎముకలను పూజించు విషయమున మన సంఘముల అభిప్రాయము వేరు. దాని సంగతి ఇక్కడ వదలిపెట్టి కోవెంట్రీకి వత్తము.

కోవెంట్రీ ఇంగ్లండు నడిబొడ్డున నున్న కార్మిక నగరము. సైకిళ్లు, మోటారుకార్లు చేయుటలో పేరుపొందినది. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు ఆ కర్మాగారములే విమానపు యంత్రములను, యుద్ధ సామగ్రిని చేయ మొదలుపెట్టెను. అందువలన శత్రువుల దృష్టి దానిమీద పడినది. 1940 నవంబరు 14వ తేదీ, గురువారము. ఆ రాత్రి నిండు వెన్నెల. జర్మను సేనాధిపతులు ఆ దాడికి వెన్నెల పాట అను అర్థమునిచ్చు ఒక సంగీత కృతి పేరునే రహస్యనామముగా పెట్టుకొనిరి. సాయంకాలము ఏడు గంటలు దాటిన తరువాత మొదలైన బాంబుల వర్షము తెల్లవారుజాము ఆరు గంటల వరకు, అనగా సుమారు 11 గంటలు, తెరపి లేకుండ కురిసెను. ఐదువందల పైగా విమానములు ఆ పనికి పంపబడినవి. మరణించినవారు 568 మంది అని లెక్క. వారిలో చాలమందిని గుర్తుపట్టుట కూడ కష్టమై, ఒకే పెద్ద గోతిలో వరుసగా సమాధి చేసిరి. ఆ తరువాత కొంతకాలము జర్మను ప్రచారకులు ఒక పట్టణమును సమూలముగా నాశనము చేయుటకు 'కోవెంట్రీ చేయుట' అను క్రియాపదమునే కల్పించి గర్వముగా వాడుకొనిరి. ఒక ఊరి పేరు అట్టి క్రియగా మారుట ఎంత ఘోరమో ఆలోచింపుడు.

ఆ నగరపు కెథీడ్రల్ పరిశుద్ధ మిఖాయేలు పేరిటిది, మధ్యయుగములో కట్టబడినది. 1918లో కోవెంట్రీ అధ్యక్ష మండలము ఏర్పడినప్పుడు అది కెథీడ్రల్ ఆయెను. ఆ రాత్రి దానిని కాపాడుటకు పైకప్పుమీద నిలిచినవారు నలుగురే. కెథీడ్రల్ ముఖ్య గురువైన ప్రొవోస్టు రిచర్డు హోవర్డుగారు ఒకరు. ముసలి తాపీపనివాడు జాక్ ఫోర్బ్సు మరియొకడు. తక్కిన ఇద్దరు యువకులు. నిప్పుబాంబు పడిన చోటనెల్ల ఇసుక పోసి, నీళ్లు చల్లి ఆర్పుచు వచ్చిరి. ఒకదానిని ఆర్పులోగా నాలుగు పడుచుండెను. నీటి గొట్టములు పగిలి నీరు ఆగిపోయినది. చివరకు బల్లమీది సిలువను, దీపస్తంభములను, మరికొన్ని వస్తువులను చేతికందినంత మట్టుకు బయటకు తెచ్చి, తమ గుడి కాలిపోవుటను నిలువబడి చూచిరి. తెల్లవారునప్పటికి బయటి గోడలు, శిఖరము మాత్రము మిగిలినవి.

ఆ మరుసటి ఉదయమే గుడిని తిరిగి కట్టవలెనని నిర్ణయించిరి. పగతీర్చుకొనుటకు సూచనగా కాదు, విశ్వాసమునకు సూచనగా కట్టవలెనని హోవర్డుగారు చెప్పిరి. శిథిలములలో తిరుగుచున్న ఫోర్బ్సు కాలిన రెండు దూలములు సిలువ ఆకారములో పడియుండుట చూచి, వాటిని కట్టి నిలువబెట్టెను. ఆర్థర్ వేల్సు అను స్థానిక గురువు పైకప్పునుండి రాలిన మధ్యయుగపు మేకులను మూడింటిని ఏరి సిలువగా కూర్చెను. నేను తరగతిలో చూచిన చిత్రపటము ఆ మేకుల సిలువదే.

అదే సంవత్సరము క్రిస్మసు దినమున హోవర్డుగారు ఆ శిథిలములనుండియే రేడియోలో మాటలాడిరి. అప్పటికి చచ్చినవారిని పూడ్చి ఆరు వారములు కాలేదు. దేశమంతయు ప్రతీకారము కోరుచున్నది. అట్టి సమయమున ఆయన పగ ఆలోచనలను హృదయములోనుండి తరిమివేయుటకు ప్రయత్నించుచున్నామనియు, యుద్ధము ముగిసిన తరువాత శిశువైన క్రీస్తునకు తగిన మృదువైన లోకమును కట్టుటకు ప్రయాసపడుదుమనియు చెప్పిరి. 'ప్రయత్నించుచున్నాము' అనుటను గమనింపుడు. పగ లేదని ఆయన అనలేదు. అది ఉన్నదని, దానితో పోరాడుచున్నామని ఒప్పుకొనెను. ఆయన మాటలు అందరికి రుచింపలేదు. ఆప్తులను పోగొట్టుకొనినవారి యెదుట నిలిచి ప్రసంగించుట ఎంత కష్టమో గురువులమైన మేము కొంతవరకు ఎరుగుదుము.

తరువాత, 1948లో, శిథిలమైన బలిపీఠము వెనుక గోడమీద రెండు మాటలు చెక్కించిరి. 'తండ్రీ, క్షమించుము.' అంతే. సిలువమీద మన ప్రభువు చేసిన ప్రార్థనలో మనమందరము ఎరిగిన 'వీరిని' అను మాట అక్కడ లేదు. అది మరచిపోయి విడిచినది కాదు, కావలెనని విడిచినది. ఎందుకు విడిచితిరని అడిగినవారికి, పాపము చేసినవారము అందరమును అని వారి జవాబు. మన తెలుగులో ఈ సంగతి మరింత స్పష్టముగా తెలియును. 'వీరిని' అనిన వెంటనే చెప్పువాడు వేరు, వీరు వేరు అయిపోవుదురు. ఆ ఒక్క మాట తీసివేసినచో చెప్పువాడు కూడ ఆ క్షమాపణ కిందికి వచ్చి నిలుచును. నా అభిప్రాయములో కోవెంట్రీ, డ్రెస్డెన్ నగరముల బంధమునకు అసలైన పునాదిరాయి ఆ విడిచిన మాటయే. నగరసభల తీర్మానములు ఆ తరువాత వచ్చినవి.

అయితే కోవెంట్రీ కట్టుకొనిన మొదటి బంధము డ్రెస్డెనుతో కాదు. 1942లో రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్ నగరము జర్మను సేనల ముట్టడిలో నలుగుచుండగా, కోవెంట్రీ ప్రజలు తమ కష్టము జ్ఞాపకము చేసికొని వారికి సానుభూతి సందేశములు పంపిరి. 1943 ఫిబ్రవరి 2న ఆ యుద్ధము ముగిసినది. కోవెంట్రీ స్త్రీలు ఒక బల్లగుడ్డ తీసికొని దానిమీద తమ పేర్లు దారముతో కుట్టిరి. ఒక్కొక్కరు ఆరు పెన్నీలు చందా వేసిరి. అట్లు 830 మంది స్త్రీల పేర్లు ఆ గుడ్డమీద ఉన్నవి. గుడ్డ మధ్య, పెద్ద సానుభూతికంటె చిన్న సహాయము మేలు అను అర్థమునిచ్చు మాటలు కుట్టిరి. కూడిన సొమ్ముతోపాటు ఆ గుడ్డను స్టాలిన్‌గ్రాడ్‌కు పంపిరి. 1944లో రెండు నగరములు సహోదర నగరములని ప్రకటించుకొనెను. తమ ఇండ్లకే పైకప్పులు లేని స్త్రీలు సూదిదారము పట్టి చేసిన పని అది. మన స్త్రీల మైత్రి కూటములలో పిడికెడు బియ్యము తీసిపెట్టి గుడులు కట్టించిన తల్లులకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

స్టాలిన్‌గ్రాడ్ మిత్రపక్షము. ఒకే శత్రువు చేత కొట్టబడినవారు ఒకరినొకరు ఓదార్చుకొనుట సహజము. శత్రువుతో బంధము కలుపుకొనుట మరియొక మెట్టు. దానిని హోవర్డుగారు 1947లో ఎక్కిరి. జర్మనీ ఉత్తర తీరములోని కీల్ నగరము జర్మను నౌకాదళమునకు కేంద్రము. ఇంగ్లీషు విమానములు దానిని మాటిమాటికి కొట్టి గుట్టలు చేసినవి. హోవర్డుగారు అక్కడికి వెళ్లి, ఒక మేకుల సిలువను ఆ నగరపు సంఘమునకిచ్చిరి. కీల్‌వారు తమ శిథిలములలోని ఒక రాయిని కోవెంట్రీకిచ్చిరి. సిలువ ఒకరిది, రాయి ఒకరిది. ఇరువురు ఇచ్చిరి, ఇరువురు పుచ్చుకొనిరి. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను, దీనితో నాకు మరల పని యున్నది.

ఇప్పుడు డ్రెస్డెన్. ఎల్బె నది ఒడ్డున నున్న అందమైన నగరము. సంగీతమునకు, చిత్రకళకు, రాజభవనములకు పేరుపొందినది. దాని నడుమ లూథరన్ సంఘమువారి ఫ్రౌవెన్‌కిర్కె, అనగా మన మాటలలో కన్య మరియమ్మ దేవాలయము, 1726 మొదలు 1743 వరకు కట్టబడినది. రాతితో కట్టిన దాని గుమ్మటము దూరమునుండి గంటవలె కనబడును. 1945 ఫిబ్రవరి 13వ తేదీ రాత్రి ఇంగ్లీషు విమానములు రెండు అలలుగా వచ్చి నగరము నడిబొడ్డును నిప్పుల కొలిమి చేసినవి. వచ్చినవి ఏడువందలకు పైగా. మరునాడును ఆ మరునాడును అమెరికా విమానములు వచ్చినవి. ఫిబ్రవరి 14 ఆ సంవత్సరము భస్మ బుధవారము. నుదుట బూడిద పూసికొని ఉపవాస కాలము మొదలుపెట్టవలసిన ఉదయమున ఆ పట్టణమే బూడిదయై యుండెను. ఫ్రౌవెన్‌కిర్కె గుమ్మటము మంటల వేడిమికి రాళ్లు బలహీనపడి 15వ తేదీ ఉదయమున కూలిపోయినది.

చచ్చినవారెందరు? ఈ ప్రశ్న చుట్టు చాల అబద్ధము అల్లుకొనినది. హిట్లరు ప్రచార శాఖ రెండు లక్షలని చాటెను. ఆ లెక్కనే పట్టుకొని తరువాత అనేకులు అనేక విధముల వాడుకొనిరి. డ్రెస్డెన్ నగరపాలకులు నియమించిన చరిత్రకారుల సంఘము పాత కాగితములన్నియు, సమాధుల లెక్కలన్నియు పరిశీలించి, మరణించినవారు 25,000 మంది వరకు ఉందురని 2010లో తేల్చినది. 25,000 చిన్న సంఖ్య కాదు. దుఃఖమును పెంచి చూపుటకు అబద్ధపు లెక్క అవసరము లేదు. తమ నష్టమును తామే తక్కువ చేసి సరిదిద్దుకొనిన ఆ నగరపు ధైర్యమును నేను మెచ్చుకొందును.

డ్రెస్డెన్ నిర్దోషి కూడ కాదు. 1938 నవంబరు 9 రాత్రి అక్కడి యూదుల సమాజమందిరమును నాజీలు కాల్చివేసిరి. ఊరు చూచుచు ఊరకుండెను. ఇటు ఇంగ్లండు కూడ నిర్దోషి కాదు. స్త్రీలు, పిల్లలు, తూర్పునుండి పారిపోయి వచ్చిన శరణార్థులు నిండియున్న పట్టణమును కాల్చుట న్యాయమా అను ప్రశ్న ఇంగ్లండులోనే అప్పుడే లేచినది, ఈనాటికిని చల్లారలేదు. కోవెంట్రీ ప్రజలు డ్రెస్డెన్ చేయి పట్టుకొనవలెనంటే ముందుగా ఈ సంగతి ఒప్పుకొనవలెను. తాము ఏడ్చిన ఏడ్పును తమ విమానములు మరియొక ఊరిలో పుట్టించినవని చెప్పవలెను. యుద్ధములో గెలిచిన దేశస్థులకు ఇది కష్టమైన పని.

రెండు నగరముల మధ్య సంబంధము 1959లో కుదిరినది. అప్పుడు డ్రెస్డెన్ కమ్యూనిస్టుల ఏలుబడిలోని తూర్పు జర్మనీలో ఉండెను. ఆ ప్రభుత్వమునకు బ్రిటిషువారి బాంబులను గూర్చి మాటలాడుట ఇష్టమే, ఎందుకనగా అది పడమటి దేశములను నిందించుటకు పనికివచ్చెను. సంఘములు కలిసి ప్రార్థించుట అంత ఇష్టము కాదు. ఇంగ్లండులోనేమో కమ్యూనిస్టులతో చెలిమి ఏమిటని కొందరు సణిగిరి. ఇరుప్రక్కల అనుమానమే. అయినను పని జరిగినది.

ఎట్లు జరిగినది? చేతులతో జరిగినది. 1961లో జర్మనీనుండి కొందరు యువతీయువకులు కోవెంట్రీకి వచ్చి, కాలిపోయిన కెథీడ్రల్ ప్రక్కగదులను బాగుచేసి, అన్ని దేశములవారు కలిసికొనుటకు ఒక కేంద్రముగా అమర్చిరి. వారిని పంపిన సంస్థ పేరునకు ప్రాయశ్చిత్త కార్యము అని అర్థము. దానికి బదులుగా 1965లో, ప్రొవోస్టు విలియమ్సుగారి ప్రోత్సాహముతో, బ్రిటిషు యువతీయువకులు డ్రెస్డెన్ వెళ్లి బాంబులలో పాడైన డీకనెస్సుల ఆసుపత్రిని తిరిగి కట్టుటలో నెలల తరబడి పనిచేసిరి. మట్టి తవ్విరి, ఇటుకలు మోసిరి. వారి తండ్రుల తరము కూల్చినదానిని కొడుకులు, కూతుళ్లు ఎత్తిరి. ఆ ఊరివారి బల్లయొద్ద కూర్చుండి వారు పెట్టినది తినిరి. ఆసుపత్రి కట్టించుటకు చెక్కు పంపినచో సరిపోయెడిది, ఇంకను త్వరగా పని ముగిసెడిది. అయితే చెక్కు వెళ్లి ఎవరి ఇంట భోజనము చేయును?

ఇక్కడ నా బాల్యపు సంగతి ఒకటి చెప్పనిండు. నేను వసతిగృహములో ఉండి చదువుకొనుచుండగా, సంవత్సరమునకు రెండుమారులు మా చేత విదేశములోని దాతలకు ఉత్తరములు వ్రాయించెడివారు. వార్డెనుగారు నల్లబల్లమీద వ్రాసినదానిని మేము చూచి వ్రాసి కింద మా పేరు పెట్టెడివారము. నేను బాగున్నాను, మీకు వందనములు, మీ కొరకు ప్రార్థించుచున్నాను. ఇంతే. ఒక మారు నేను నా అంతట, మీకు పిల్లలున్నారా, మీ ఊరిలో వానలు పడినవా అని రెండు వరుసలు చేర్చితిని. కాగితము పాడుచేసితినని నన్ను కోప్పడి మరల వ్రాయించిరి. ఆ అన్నము తిని నేను చదువుకొంటిని, ఆ దాతలకు నేను కృతజ్ఞుడను, వార్డెనుగారిని నిందించుట నా ఉద్దేశము కాదు. కాని ఆ దాత పేరు తప్ప నాకేమియు తెలియదు. ఆయనకును నా పేరు తప్ప ఏమియు తెలియదు. నూరేండ్లుగా మన బంధములలో ఎక్కువ భాగము ఈ రీతిగానే నడిచినవని నేను చెప్పినచో పెద్దలు క్షమింతురుగాక.

ఈ మాటను మొదట చెప్పినవాడను నేను కాను. మన తెలుగు దేశమున దోర్నకల్లు మొదటి బిషప్పుగారైన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు, తాము బిషప్పు కాకముందే, 1910లో ఎడింబరో నగరమున జరిగిన మిషనెరీ మహాసభలో దీనినే ఎత్తి చెప్పిరి. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు. తెల్లదొరలు నిండిన ఆ సభలో నిలిచి, మిషనెరీలు తమ సొమ్మును, తమ ప్రాణమును సహితము మా కొరకు ఇచ్చిరి, అందుకు మా సంఘము కృతజ్ఞత చెల్లించును, కాని మేము మిమ్మును స్నేహితులనుగా కోరుచున్నాము అను భావము వచ్చునట్లు మాటలాడిరి. సభలో కొందరికి కోపము వచ్చినది. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, ఆయన కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడిరి. కీల్ నగరముతో ఒకరు సిలువను, ఒకరు రాయిని మార్చుకొనినప్పుడు జరిగినది, డ్రెస్డెన్ ఆసుపత్రి గోడయొద్ద జరిగినది, అజరయ్యగారు అడిగినది ఒక్కటేనని నాకు తోచును. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి, డ్రెస్డెన్ కాలుటకు ఆరు వారములు ముందు.

తిరిగి మన కథకు వత్తము. క్రొత్త కోవెంట్రీ కెథీడ్రల్ సర్ బేసిల్ స్పెన్సు గీసిన నమూనా ప్రకారము కట్టబడి 1962 మే 25న ప్రతిష్ఠింపబడినది. శిథిలములను తీసివేయలేదు. పాత గోడలు ఒక ప్రక్క, క్రొత్త గుడి ఒక ప్రక్క ఆనుకొని నిలిచియున్నవి. అయిదు దినముల తరువాత అక్కడ బెంజమిన్ బ్రిటెన్ కూర్చిన యుద్ధ స్మారక గీతారాధన మొదటిసారి పాడబడినది. ముగ్గురు ముఖ్య గాయకులు మూడు యుద్ధ దేశములవారై ఉండవలెనని ఆయన కోరిక. ఇంగ్లండునుండి పీటర్ పియర్సు, జర్మనీనుండి ఫిషర్ డీస్కౌ వచ్చిరి. రష్యా గాయని విష్నెవ్‌స్కయాను ఆమె ప్రభుత్వము రానీయలేదు. ఆమె స్థానములో ఒక ఇంగ్లీషు దేశపు గాయని పాడవలసివచ్చెను అని కొందరు వ్రాయుదురు గాని, హెదర్ హార్పర్ ఉత్తర ఐర్లండు బిడ్డ.

ఆ కెథీడ్రలులో ప్రతి శుక్రవారము మధ్యాహ్నము శిథిలములలో ఒక ప్రార్థన చేయుదురు. 1958లో కానన్ జోసెఫ్ పూల్ దానిని కూర్చెను. ద్వేషముతో మొదలుపెట్టి మానవుల పాపములను ఒక్కొక్కటిగా ఒప్పుకొందురు. ప్రతి భాగమునకు జవాబు గోడమీది ఆ రెండు మాటలే. మేకుల సిలువ సహవాసములో చేరిన అనేక దేశముల సంఘములలో ఇప్పుడు అదే ప్రార్థన జరుగుచున్నది. నేను ఒక మారు నా గురుమండలములో దానిని తెలుగులో చేయించితిని. ఆ గ్రామములో రెండు పేటలకు రెండు గుడులు. పిలుపు రెండింటికి పంపితిని. ద్వేషమును గూర్చిన భాగము చదివినప్పుడు జవాబు గట్టిగా రాలేదు. ఎదుటి పేటనుండి వచ్చినవారు నలుగురు. వెనుక వరుసలో కూర్చుండి, ప్రార్థన ముగియగానే లేచి వెళ్లిరి. ఆ నలుగురు వచ్చిరని నేను సంతోషించితిని. కోవెంట్రీకి డ్రెస్డెన్ వేయి కిలోమీటర్లు. మా పేటలకు నడుమ ఉన్నది ఒక చింతచెట్టు, ఒక బోరింగు.

డ్రెస్డెనులో ఫ్రౌవెన్‌కిర్కె రాళ్ల గుట్ట 45 ఏండ్లకు పైగా అట్లే పడియుండెను. 1982 ఫిబ్రవరి 13న, ప్రభుత్వపు అనుమతి లేకున్నను, యువజనులు కొవ్వొత్తులు పట్టుకొని ఆ గుట్టయొద్ద కూడి శాంతికొరకు ప్రార్థించిరి. బెర్లిను గోడ పడిన తరువాత, 1990లో, దానిని తిరిగి కట్టుటకు సహాయము చేయుడని డ్రెస్డెన్ పౌరులు లోకమునకు విజ్ఞప్తి చేసిరి. బ్రిటనులో డ్రెస్డెన్ ట్రస్టు అను సంఘమేర్పడి చందాలు కూర్చి, గుమ్మటముపై నిలుచు సిలువను ఇచ్చుటకు పూనుకొనెను. ఆ సిలువను చేసినవాడు లండను స్వర్ణకారుడు అలన్ స్మిత్. ఆయన తండ్రి 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెనుమీద బాంబులు వేసిన విమానములలో ఒకదానిని నడిపినవాడు. కొడుకు పాత కాలపు పనిముట్ల పద్ధతిలో నెలల తరబడి ఆ సిలువను కొట్టి, మలచి, పూర్తిచేసెను. 2004 జూన్ 22న అది గుమ్మటము మీదికి ఎక్కింపబడినది. 2005 అక్టోబరు 30న దేవాలయము ప్రతిష్ఠింపబడినది. పాత గుడిలోని కాలిన నల్లరాళ్లను క్రొత్త తెల్లరాళ్ల నడుమ తిరిగి పెట్టిరి. ఇప్పటికిని చూచువారికి ఏ రాయి కాలినదో, ఏ రాయి కాలనిదో తెలియును. లోపల బలిపీఠముమీద కోవెంట్రీ ఇచ్చిన మేకుల సిలువ యున్నది. యూదులకు కూడ అదే నగరములో 2001 నవంబరు 9న క్రొత్త సమాజమందిరము ప్రతిష్ఠింపబడినది.

అంతటితో అన్నియు చక్కబడినవని చెప్పుటకు వీలులేదు. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 13న నాజీ భావములు గలవారు డ్రెస్డెనులో ఊరేగింపులు చేసి, చచ్చినవారి పేరట ద్వేషము రేపుటకు చూచిరి. దానికి జవాబుగా 2010 మొదలుకొని వేలకొలది పౌరులు చేయి చేయి పట్టుకొని పాత నగరము చుట్టు మానవ ప్రాకారముగా నిలువసాగిరి. ఒకసారి కట్టిన బంధమును ప్రతి తరమువారు మరల పట్టుకొని నిలువవలసి వచ్చుచున్నది.

కోవెంట్రీ మొదటి బంధము సంగతి చెప్పి ముగింతును. స్టాలిన్‌గ్రాడ్ పేరు 1961లో వోల్గోగ్రాడ్ అని మారినది. ప్రచ్ఛన్న యుద్ధకాలములో, రెండు దేశముల ప్రభుత్వములు ఒకదానినొకటి శత్రువుగా చూచిన దినములలో కూడ, ఆ రెండు నగరముల సంబంధము తెగలేదు. కాని 2022లో రష్యా యుక్రెయిను దేశముమీద దండెత్తినప్పుడు కోవెంట్రీ నగరపాలకులు ఆ అధికారిక సంబంధమును నిలుపుదల చేసిరి. బాంబులు పడిన ఊరు మరియొక దేశపు ఊళ్లమీద బాంబులు పడుచుండగా మౌనముగా ఉండలేకపోయినదని కొందరు మెచ్చుకొనిరి. ఇట్టి సమయమునకే గదా ఇట్టి బంధమని కొందరు బాధపడిరి. ఇరువురి మాటలోను నాకు న్యాయము కనబడును. నిలుపుదలయే గాని రద్దు కాదు. 830 మంది స్త్రీలు పేర్లు కుట్టిన బల్లగుడ్డ మాత్రము వోల్గోగ్రాడ్ వస్తు ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.